వోల్టేజి, కరెంటు, నడుమ ఒక తీగ

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఓం నియమం మీద ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒక్కచోట చేర్చాం. ఉష్ణోగ్రత మారనంతవరకు ఒక వాహకం రెండు చివరల మధ్య వోల్టేజి ఎన్ని రెట్లయితే అందులో ప్రవహించే కరెంటు కూడా అన్ని రెట్లవుతుందన్నది ఆ నియమం. చదివితే ఒక్క వాక్యమే కాని, దాన్ని బల్ల మీద చేసి చూపబోతే ఎక్కడెక్కడ చిక్కులు వస్తాయో ఈ ఉత్తరాలే చెబుతున్నాయి.

ప్రశ్న: మా పాఠంలో ఓం నియమం నిరూపించడానికి ఇనుప చువ్వ వాడమని ఉంది. నేను పది సెంటీమీటర్ల సైకిల్ చువ్వ ముక్క తీసుకున్నాను. ఒక టార్చి సెల్లుతో అమ్మీటరు 2.5 ఆంపియర్లు చూపింది, రెండు సెల్లులతో 2.7, మూడింటితో 2.8 చూపింది. వోల్ట్‌మీటరు ముల్లు మాత్రం సున్న దగ్గర నుంచి కదలనే లేదు. సెల్లులు పట్టుకుంటే వేడిగా ఉన్నాయి. సెల్లులు మూడు రెట్లయినా కరెంటు ఎందుకు పెరగలేదు? ఇనుముకు ఓం నియమం వర్తించదా?
– పదో తరగతి విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: ఇనుముకు ఓం నియమం నిక్షేపంగా వర్తిస్తుంది. చువ్వను కొలుస్తున్నాననుకుంటూ మీరు సెల్లులను కొలిచారు, అదీ చాలా చక్కగా కొలిచారు. సైకిల్ చువ్వ మందం సుమారు రెండు మిల్లీమీటర్లు. మామూలు ఉక్కుతో చేసిన అంత మందపు చువ్వకు పది సెంటీమీటర్ల పొడవులో ఉండే నిరోధం (కరెంటును అడ్డుకునే గుణం, దాని కొలమానం ఓం) దాదాపు 0.005 ఓం, అంటే ఒక ఓంలో రెండు వందలో వంతు. టార్చి సెల్లుకైతే లోపలే, అందులోని రసాయనాల వల్ల, సుమారు అర ఓం నిరోధం ఉంటుంది. అమ్మీటరు, కనెక్షను తీగలు కలిసి మరో 0.1 ఓం చేరుస్తాయనుకుందాం. వలయంలో కరెంటును నిర్ణయించేది ఈ 0.6 ఓం తప్ప చువ్వ కాదు. 1.5 వోల్టులను 0.6తో భాగిస్తే 2.5 ఆంపియర్లు వస్తుంది. రెండో సెల్లు శ్రేణిలో కలిపినప్పుడు వోల్టేజి 3 అయిన మాట నిజమే కాని, దానితోపాటు సెల్లుల లోపలి నిరోధం కూడా రెండింతలై మొత్తం 1.1 ఓం అయింది, అందుకే కరెంటు 2.7 దగ్గర ఆగింది. మూడు సెల్లులకు 4.5ని 1.6తో భాగించి చూడండి, 2.8 వస్తుంది. మీ పట్టికలో ఉన్న అంకెలు ఇవే. ఈ పద్ధతిలో డజను సెల్లులు కలిపినా కరెంటు 3 ఆంపియర్లు దాటదు, ఎందుకంటే ప్రతి సెల్లూ తన వోల్టేజితోపాటు తన నిరోధాన్ని కూడా వెంటబెట్టుకుని వస్తుంది.

ఇక వోల్ట్‌మీటరు సంగతి. 0.005 ఓం చువ్వలో 2.5 ఆంపియర్లు పోతే దాని రెండు చివరల మధ్య ఉండేది 0.0125 వోల్టు. మీ బడి వోల్ట్‌మీటరులో అతి చిన్న విభాగం బహుశా వోల్టులో పదో వంతు ఉంటుంది కనుక ముల్లు కదలకపోవడంలో వింత లేదు. సెల్లు ఇచ్చిన శక్తిలో అధిక భాగం, ఒక్కో సెల్లుకు మూడు వాట్లకు పైగా, దాని లోపలే వేడిగా మారిపోయింది. సెల్లు రెండు ధ్రువాలను తీగతో నేరుగా కలిపేయడాన్నే షార్టు చేయడం అంటారు. చువ్వ పెట్టి మీరు చేసింది దాదాపు అదే కనుక, ఆ అమరికను కొన్ని సెకన్లకు మించి ఉంచకండి. సెల్లులు పొంగి, లోపలి పదార్థం కారే ప్రమాదం ఉంది.

ప్రయోగం సవ్యంగా జరగాలంటే మీరు కొలవదలచుకున్న తీగ నిరోధం, వలయంలోని మిగతా నిరోధాలన్నిటి కంటే బాగా ఎక్కువగా ఉండాలి. ప్రయోగశాల సామాన్లు అమ్మే దుకాణాల్లో 30 గేజి నిక్రోమ్ అనే మిశ్రలోహపు తీగ దొరుకుతుంది, మీటరు పొడవుకు నిరోధం సుమారు 14 ఓం. అదే మందం మాంగనిన్ తీగయితే మీటరుకు 6 ఓం వరకు ఉంటుంది. నిక్రోమ్ తీగను ఒక మీటరు తీసుకుని, చుట్లు ఒకదానికొకటి తగలకుండా చెక్క మీద రెండు మేకుల మధ్య అటూ ఇటూ లాగి కట్టండి. చివరలను గరుకు కాగితంతో రుద్ది మెరిసేదాకా శుభ్రం చేసి, అప్పుడు క్లిప్పులు పెట్టండి. తుప్పో జిడ్డో ఉన్న చోట క్లిప్పు పెడితే ఆ అతుకు నిరోధం ఒక్కో కదలికకు ఒక్కో విధంగా మారి, ముల్లు నిలకడగా నిలవదు. సెల్లు, వలయాన్ని తెరిచి మూసే ప్లగ్ కీ, అమ్మీటరు, తీగ ఒకే వరుసలో ఉండాలి. వోల్ట్‌మీటరు రెండు కొసలు తీగ రెండు చివరలకు తగిలించాలి. ఇప్పుడు ఒక సెల్లుతో కరెంటు 0.10 ఆంపియరు, తీగ మీద వోల్టేజి 1.44 దగ్గర వస్తాయి. రెండు సెల్లులతో 0.20, 2.78 దగ్గరా, మూడింటితో 0.29, 4.04 దగ్గరా, నాలుగింటితో 0.37, 5.2 దగ్గరా రావాలి. మీ సెల్లులు పాతవైతే ఈ అంకెలన్నీ తగ్గుతాయి, దాని గురించి బెంగపడకండి. వోల్టేజిని కరెంటుతో భాగించగా ప్రతిసారీ వచ్చే విలువ 14కు అటూ ఇటూగా నిలిచిందా లేదా అన్నదే చూడాలి.

రెండు సెల్లులకు 3 వోల్టులు రాకుండా 2.78 వచ్చిందేమిటని మీకు సందేహం రావచ్చు. మిగిలినది సెల్లుల లోపలా అమ్మీటరులోనూ ఖర్చయింది. సెల్లు మీద 1.5 అని అచ్చువేసి ఉంది కదా అని వోల్ట్‌మీటరు చూడకుండానే పట్టికలో 1.5, 3, 4.5, 6 అని వరుసగా రాసేసే అలవాటు చాలా బడుల్లో ఉంది. అలా రాస్తే మీ తీగకు సంబంధించిన వోల్టేజి మీ పట్టికలో లేనట్టే.

చువ్వతోనే చేసి తీరాలన్న పట్టుదల ఉంటే అదీ సాధ్యమే. వలయంలో రియోస్టాటు (నిరోధాన్ని పెంచి తగ్గించుకోగల సాధనం) పెట్టి కరెంటును ఒక ఆంపియరుకు పరిమితం చేయండి, వోల్ట్‌మీటరు స్థానంలో 200 మిల్లీవోల్టుల స్కేలు ఉన్న డిజిటల్ మల్టీమీటరు వాడండి. ఒక ఆంపియరు దగ్గర సుమారు 5 మిల్లీవోల్టులు, అర ఆంపియరు దగ్గర రెండున్నర కనబడతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మల్టీమీటరు మొనలను కరెంటు తెచ్చే క్లిప్పుల మీద కాకుండా, వాటికి లోపలి వైపున చువ్వ లోహం మీదే నేరుగా ఆనించాలి. క్లిప్పు మీద ఆనిస్తే అతుకు దగ్గరి నిరోధం కూడా లెక్కలోకి వచ్చేస్తుంది, అది చువ్వ నిరోధం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉండవచ్చు.

ప్రశ్న: ఓం తన నియమాన్ని కనిపెట్టిన నాటికి వోల్ట్‌మీటరు, అమ్మీటరు లేవు కదా. వోల్టు, ఆంపియరు అన్న కొలతలే లేని రోజుల్లో ఆయన దేన్ని దేనితో పోల్చి చూశాడు?
– విశ్రాంత లైబ్రేరియన్, హనుమకొండ

జవాబు: మంచి సమయంలో అడిగారు. పాలకొల్లు విద్యార్థినిని ఇబ్బంది పెట్టిన చిక్కే గేయార్గ్ సైమన్ ఓంను కూడా ఇబ్బంది పెట్టింది. 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టిన ఆయన, కొలోన్ నగరంలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, ఆ బడి ప్రయోగశాలలోనే ఈ పని చేశాడు. 1825లో ప్రకటించిన తొలి వ్యాసంలో ఆయన వాడినది రసాయన బ్యాటరీ. కరెంటు తీసిన కొద్దీ దాని శక్తి క్షణక్షణం తగ్గుతూ ఉండేది. ఆ రీడింగుల ఆధారంగా తీగ పొడవుకూ కరెంటు తగ్గుదలకూ మధ్య సంవర్గమాన (లాగరిథమ్) సంబంధం ఉందని ఆయన రాశాడు. అది నిలబడలేదు.

బ్యాటరీకి బదులు ఉష్ణ విద్యుత్ జంట వాడమని పోగెండోర్ఫ్ అనే శాస్త్రజ్ఞుడు సలహా ఇచ్చాడు. రెండు వేర్వేరు లోహాలను కలిపి ఒక అతుకును వేడిగానూ మరొక దాన్ని చల్లగానూ ఉంచితే కరెంటు పుడుతుందని సీబెక్ 1821లో కనుగొన్నాడు. ఓం బిస్మత్ కడ్డీ రెండు కొసలకు రాగిని జతచేసి, ఒక అతుకును మరిగే నీటిలోనూ రెండోదాన్ని మంచులోనూ ఉంచాడు. నీరు మరుగుతున్నంతసేపు, మంచు కరుగుతున్నంతసేపు వాటి ఉష్ణోగ్రతలు మారవు కనుక ఈ జంట ఇచ్చే వోల్టేజి కూడా మారదు. అది ఇప్పటి లెక్కలో వోల్టులో వందో వంతు కూడా లేదు. అయితేనేం, గంటల తరబడి కదలకుండా నిలబడేది, ఓంకు కావలసినది అదే. కరెంటు కొలవడానికి తీగ దగ్గర ఒక అయస్కాంత సూచిని వేలాడదీశాడు. కరెంటు పోయినప్పుడు సూచి పక్కకు తిరుగుతుంది. దాన్ని మళ్ళీ మొదటి స్థానానికి తేవడానికి, వేలాడదీసిన తీగను పైనుంచి ఎంత కోణం మెలిపెట్టాలో అదే ఆయనకు కరెంటు కొలత.

ఒకే మందం గల రాగి తీగలు ఎనిమిదింటిని, 2 అంగుళాల నుంచి 130 అంగుళాల పొడవు దాకా, ఒకదాని తరువాత ఒకటి వలయంలో పెట్టి చూశాడు. 1826లో ఆయన రాసిన సూత్రం ప్రకారం, ఒక స్థిర సంఖ్యను, తీగ పొడవుకు మరొక స్థిర సంఖ్య కలపగా వచ్చిన మొత్తంతో భాగిస్తే కరెంటు వస్తుంది. మొదటి స్థిర సంఖ్య అతుకుల ఉష్ణోగ్రతల తేడాను బట్టి మారింది, కాబట్టి అది మనం ఇప్పుడు వోల్టేజి అంటున్నదే. తీగ పొడవుకు కలిపిన రెండో సంఖ్య తీగ కాక వలయంలో మిగిలిన భాగాల నిరోధం. పై జవాబులో సెల్లుకూ అమ్మీటరుకూ కలిపి మనం వేసుకున్న 0.6 ఓం లాంటిదన్నమాట. ఈనాటి పాఠాల్లో ఆ రెండో సంఖ్యను వదిలేసి చెబుతారు కాని, ఓం దాన్ని వదలలేదు కనుకే ఆయన అంకెలు కుదిరాయి. సిద్ధాంతాన్ని గణితరూపంలో వివరించిన పుస్తకం 1827లో వెలువడింది. మొదట్లో స్వదేశంలో ఆదరణ అంతంతమాత్రమే. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చాకే ఆయన పేరు నలుగురి నోటా పడింది. వోల్టు, ఆంపియరు, ఓం అన్న కొలమానాలను పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సభ ఆమోదించింది 1881లో. అప్పటికి ఓం చనిపోయి ఇరవై ఏడేళ్ళు.

ఇంకో మాట. ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ 1781 ప్రాంతంలోనే ఇలాంటి సంబంధాన్ని గుర్తించాడు. ఆయన మీటరు తన సొంత శరీరమే. వేర్వేరు ద్రావణాల గుండా విద్యుత్తును తన చేతుల్లోకి పోనిచ్చి, షాకు ఏది ఎక్కువో ఏది తక్కువో పోల్చుకునేవాడు. ఆ కాగితాలను మాక్స్‌వెల్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు పరిష్కరించి 1879లో అచ్చువేయించేదాకా ఆ సంగతి లోకానికి తెలియలేదు. విద్యార్థులు ఈ పద్ధతిని చదివి వదిలేయాలే గాని అనుసరించరాదని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.

ప్రశ్న: వోల్ట్‌మీటరు రెండు కొసలూ తీగకు మాత్రమే తగిలించాలా, తీగనూ అమ్మీటరునూ కలిపి తగిలించవచ్చా? మా కళాశాలలో ఇద్దరు అధ్యాపకులు రెండు విధాలుగా చెప్పారు.
– ఇంటర్ విద్యార్థి, కర్నూలు

జవాబు: ఇద్దరూ సరిగానే చెప్పి ఉండవచ్చు, మీరు కొలుస్తున్న నిరోధం ఎంతో తెలియకుండా తేల్చలేం. అమ్మీటరుకు కొద్దిపాటి నిరోధం ఉంటుంది, వోల్ట్‌మీటరు కొద్దిపాటి కరెంటు తీసుకుంటుంది. ఏ విధంగా కలిపినా ఈ రెండు లోపాల్లో ఒకటి మీ లెక్కలోకి చేరుతుంది. ఏది చేరితే నష్టం తక్కువో చూసుకోవాలి. మీ తీగ 14 ఓం, అమ్మీటరు అర ఓం అనుకోండి. రెండింటినీ కలిపి వోల్ట్‌మీటరు పెడితే మీకు తీగ నిరోధం 14.5గా కనిపిస్తుంది, అంటే నూటికి మూడున్నర వంతుల తేడా. వోల్ట్‌మీటరును తీగకు మాత్రమే పెడితే, అమ్మీటరు చూపే కరెంటులో వోల్ట్‌మీటరు వాటా కూడా కలుస్తుంది. కాని దాని నిరోధం 10 వేల ఓంలయితే ఆ వాటా వెయ్యింటికి ఒకటిన్నర వంతు కూడా ఉండదు. కనుక తీగల ప్రయోగంలో తీగకు మాత్రమే తగిలించడం మేలు.

అదే లక్ష ఓంల కార్బన్ రెసిస్టరును పరీక్షిస్తుంటే సంగతి తారుమారవుతుంది. 10 వేల ఓంల వోల్ట్‌మీటరును దాని పక్కన సమాంతరంగా పెట్టడమంటే కరెంటులో అధిక భాగాన్ని మీటరు గుండా మళ్ళించడమే. లక్ష ఓంల వస్తువు 9 వేల చిల్లర ఓంలుగా కనబడుతుంది. అప్పుడు అమ్మీటరును కూడా లోపల కలుపుకుని కొలవాలి, లక్షలో అర ఓం లెక్కలోకి రాదు. డిజిటల్ మల్టీమీటర్లకు సాధారణంగా కోటి ఓంల లోపలి నిరోధం ఉండడం వల్ల వోల్ట్‌మీటరుగా వాడినప్పుడు ఈ తగవు చాలావరకు తీరుతుంది. అయితే అదే మల్టీమీటరును కరెంటు స్కేలు మీద ఉంచి మరిచిపోయి బ్యాటరీకి నేరుగా తగిలిస్తే లోపలి ఫ్యూజు పోతుంది. ప్రయోగశాలల్లో పనిచేయకుండా పడి ఉన్న మల్టీమీటర్లలో చాలావాటికి జరిగింది అదే.

ప్రశ్న: మా ఉన్నత పాఠశాలలో తీగకు బదులు 2.5 వోల్టుల టార్చి బల్బు పెట్టి ప్రయోగం చేయించాను. నిష్పత్తి స్థిరంగా రాలేదు, వోల్టేజితోపాటు పెరుగుతూ పోయింది. ఎల్.ఇ.డి. పెడితే అసలు పొంతనే లేదు. పరీక్షకు వచ్చేవారు ఒప్పుకోరని, పిల్లల చేత రీడింగులు సరిచేయించి రికార్డులో రాయించమని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, నిర్మల్ జిల్లా

జవాబు: దయచేసి సరిచేయించకండి. మీ పిల్లలు తీసిన రీడింగులు సరైనవి. వాటిని మార్చి రాస్తేనే తప్పవుతుంది.

నియమంలో "ఉష్ణోగ్రత మారనంతవరకు" అన్న మాట అలంకారం కోసం పెట్టింది కాదు. 2.5 వోల్టులు, 0.3 ఆంపియరు అని రాసి ఉన్న బల్బు పూర్తిగా వెలుగుతున్నప్పుడు దాని నిరోధం 8.3 ఓం. ఆర్పేసి, చల్లారాక మల్టీమీటరుతో చూడండి, ఒక ఓం దరిదాపుల్లో చూపుతుంది. అందులోని టంగ్‌స్టన్ తీగ గది ఉష్ణోగ్రత నుంచి రెండు వేల డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ నిరోధం పెరుగుతుంది. ఇళ్ళలో వాడిన పాత 60 వాట్ల బల్బు దొరికితే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 230 వోల్టుల దగ్గర దాని నిరోధం 880 ఓంలని లెక్క చెబుతుంది. హోల్డరు నుంచి తీసి చేతిలో పట్టుకుని కొలిస్తే అందులో పదో పన్నెండో వంతు మాత్రమే ఉంటుంది. నిక్రోమ్, మాంగనిన్ మిశ్రలోహాలను ప్రయోగానికి ఎంచుకునేది ఇందుకే. వంద డిగ్రీలు వేడెక్కినా నిక్రోమ్ నిరోధం నూటికి రెండు వంతుల లోపే మారుతుంది, మాంగనిన్‌కు ఆ మాత్రం కూడా ఉండదు. రాగి అయితే అదే వంద డిగ్రీలకు నూటికి దాదాపు నలభై వంతులు పెరుగుతుంది.

బల్బు విషయంలో కూడా తీగ వెచ్చబడనంత తక్కువ వోల్టేజి దగ్గర, వోల్టులో ఇరవయ్యో వంతు లోపల, రీడింగులు తీయగలిగితే సరళరేఖే వస్తుంది. ఆ పైన రేఖ వంగడం మొదలవుతుంది. పిల్లల చేత ఒకే గ్రాఫు కాగితం మీద నిక్రోమ్ తీగ రేఖనూ బల్బు రేఖనూ గీయించి, రెండోది ఎక్కడ వంగిందో, ఆ సమయంలో బల్బు ఎర్రగా ఉందో తెల్లగా ఉందో పక్కన రాయించండి. అలాంటి రికార్డును కాదనే పరీక్షకుడికి నియమం తెలియదనే నేను అంటాను.

ఇక్కడే చాలామంది పొరపడే సంగతి మరొకటి ఉంది. వోల్టేజిని కరెంటుతో భాగించగా వచ్చేది నిరోధం అన్నది నిర్వచనం మాత్రమే. ఆ భాగాహారం బల్బుకూ చేయవచ్చు, ఎల్.ఇ.డి.కీ చేయవచ్చు, ఎప్పుడూ ఏదో ఒక విలువ వస్తుంది. ఓం చెప్పినది అంతకు మించిన మాట. లోహపు తీగల విషయంలో, ఉష్ణోగ్రత మారనప్పుడు, ఆ విలువ కరెంటు ఎంతైనా ఒకటే ఉంటుందని ఆయన చెప్పాడు. ఒకే ఒక్క రీడింగు తీసి "నిరూపించాం" అని రాసిన రికార్డులు నేను చూశాను. ఒక్క రీడింగుతో నిరోధం తెలుస్తుందే తప్ప నియమం పరీక్షకు నిలిచిందో లేదో తెలియదు.

ఎల్.ఇ.డి. అర్ధవాహకంతో చేసినది. ఎర్రని ఎల్.ఇ.డి. సుమారు 1.8 వోల్టుల వరకు దాదాపు కరెంటునే పోనివ్వదు, ఆ గడప దాటాక వోల్టేజి కాస్త పెరిగినా కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. తిప్పి పెడితే మామూలు వోల్టేజిలో పోనే పోదు. దాన్ని ఓం నియమానికి లొంగని వస్తువుగా చూపడానికి పెట్టండి, కాని రెండు సెల్లులకు నేరుగా తగిలించకుండా 220 ఓంల రెసిస్టరును వరుసలో చేర్చండి. లేకపోతే క్షణంలో మాడిపోతుంది.

ప్రశ్న: గ్రాఫు గీస్తే బిందువులు సరళరేఖలోనే ఉన్నాయి గాని రేఖ మూలబిందువు గుండా పోవడం లేదు. మార్కులు తగ్గుతాయా?
– పదో తరగతి విద్యార్థి, ఖమ్మం

జవాబు: ముందు ప్లగ్ కీ తీసేసి రెండు మీటర్ల ముళ్ళూ సరిగ్గా సున్న మీద ఉన్నాయో లేదో చూడండి. చాలాసార్లు ఒకటి అర విభాగం పక్కనే నిలబడి ఉంటుంది. ముల్లు కింద ఉండే చిన్న మర స్క్రూను తిప్పి సున్నకు తేవచ్చు, లేదా ఆ తేడాను ప్రతి రీడింగు నుంచి తీసేయవచ్చు. రీడింగు చూసేటప్పుడు ఒక కన్ను మూసి, స్కేలు పక్కనున్న అద్దంలో ముల్లు నీడ ముల్లు కిందే దాగేలా తల నిలపండి. పక్కనుంచి చూస్తే ప్రతిసారీ ఒకే వైపు తప్పు పడి రేఖ మొత్తం జరుగుతుంది. బిందువులన్నిటినీ వంకరటింకరగా కలుపుకుంటూ పోకుండా, వాటి నడుమగా స్కేలుతో ఒకే గీత గీయండి. వోల్టేజిని అడ్డంగానూ కరెంటును నిలువుగానూ తీసుకుంటే గీత వాలు నిరోధానికి విలోమం అవుతుందని మరిచిపోకండి. మార్కుల సంగతి పరీక్షకుడి ఇష్టం. మూలబిందువు తప్పిన రేఖ గీసి, కింద "అమ్మీటరులో ఇంత సున్న దోషం ఉంది" అని రాసినవారికి నేనైతే పూర్తి మార్కులు వేస్తాను.

ప్రశ్న: మా బోరు మోటారు 5 హార్స్‌పవరు. లో వోల్టేజి వచ్చినప్పుడే వైండింగు కాలిపోతోంది, మోటారు ఎక్కువ కరెంటు లాగిందని మెకానిక్ చెబుతున్నాడు. మా అబ్బాయి పుస్తకంలో వోల్టేజి తగ్గితే కరెంటు తగ్గుతుందని ఉంది. ఎవరి మాట నిజం?
– రైతు, మదనపల్లె సమీప గ్రామం

జవాబు: మీ మెకానిక్ మాటా నిజమే, మీ అబ్బాయి పుస్తకమూ నిజమే. పుస్తకం తీగ గురించి చెబుతోంది, మీ మోటారు ఒట్టి తీగ కాదు. ఇస్త్రీపెట్టెకు వోల్టేజి తగ్గితే కరెంటు తగ్గుతుంది, అంతే, బట్టలు కాస్త ఆలస్యంగా ఇస్త్రీ అవుతాయి. మోటారులోనైతే రాగి వైండింగు నిరోధం కొన్ని ఓంలు మాత్రమే. ఆ నిరోధమే కరెంటును ఆపాల్సి ఉంటే మోటారు తిరిగే ముందే కాలిపోవాలి. నిజానికి కరెంటును అదుపులో ఉంచేది, మోటారు నడుస్తున్నప్పుడు వైండింగులోనే సరఫరాకు ఎదురుగా పుట్టే వోల్టేజి.

బోరులోంచి నీళ్ళు పైకి తోడడానికి పంపుకు కావలసిన శక్తి లైనులో వోల్టేజి తగ్గినంత మాత్రాన పెద్దగా తగ్గదు. వోల్టేజి 415 నుంచి 332కు, అంటే ఐదింట నాలుగు వంతులకు పడిపోతే మోటారు తిప్పగల బలం నూటికి 64 వంతులకు పడిపోతుంది, ఎందుకంటే అది వోల్టేజి వర్గాన్ని అనుసరించి మారుతుంది. అయినా పంపు భారం అలాగే ఉంది కనుక, మోటారు వేగం కాస్త తగ్గి, ఆ లోటు పూడ్చుకోవడానికి లైను నుంచి కరెంటు ఎక్కువ తీసుకుంటుంది. 7.5 ఆంపియర్లు తీసుకునే మోటారు 9.4 దాకా పోవచ్చు. వైండింగులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. వోల్టేజి మరీ తగ్గి మోటారు తిరగలేక ఆగిపోతే కరెంటు మామూలు కంటే కొన్ని రెట్లవుతుంది, అప్పుడు కరెంటు హద్దు దాటితే మోటారును ఆపేసే రిలే వెంటనే పడకపోతే వైండింగు దక్కదు. తరచూ రిలే పడిపోతోందని దాన్ని మోటారు ప్లేటు మీద రాసిన ఆంపియర్ల కంటే పైకి తిప్పి పెట్టించుకునే రైతులు ఉన్నారు. అది రక్షణను తీసేసినట్టే.

మీ పొలంలో ఓం నియమం అచ్చంగా పనిచేసే చోటు ఒకటుంది. అది ట్రాన్స్‌ఫార్మరు నుంచి స్టార్టరు దాకా వచ్చే తీగ. ఆరు చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ ఐదు వందల మీటర్లుంటే ఒక్కో ఫేజుకు నిరోధం సుమారు 2.35 ఓం. 7.5 ఆంపియర్ల దగ్గర ఫేజుల మధ్య పాతిక నుంచి ముప్పై వోల్టుల వరకు ఆ తీగే తినేస్తుంది. మోటారు కరెంటు పెరిగితే ఆ నష్టం కూడా అదే నిష్పత్తిలో పెరిగి, మోటారుకు అందే వోల్టేజి ఇంకా తగ్గుతుంది. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, మోటారు నడుస్తుండగా ట్రాన్స్‌ఫార్మరు దగ్గరా స్టార్టరు దగ్గరా వోల్టేజి, తీగ చుట్టూ పట్టించి కొలిచే టంగ్ టెస్టరుతో కరెంటు కొలిపించండి. వోల్టేజి ట్రాన్స్‌ఫార్మరు దగ్గరే తక్కువగా ఉంటే విద్యుత్ సిబ్బందికి ఫిర్యాదు చేయాలి. అక్కడ బాగుండి స్టార్టరు దగ్గర పడిపోతుంటే లోపం మీ తీగలో ఉంది. పదహారు చదరపు మిల్లీమీటర్ల తీగ వేయిస్తే ఆ ముప్పై వోల్టుల నష్టం పదకొండుకు దిగుతుంది.